మాఘంలో పెళ్లి, మణికట్టు మీద పాత పేరు

గుంటూరు జిల్లా నుంచి ఇరవై ఆరేళ్ల అమ్మాయి, పేరు వేయొద్దని కోరుతూ, నాలుగు పేజీల ఉత్తరం రాశారు. సారాంశం ఇది. వచ్చే మాఘంలో ఆమె పెళ్లి. ఇంకా నాలుగున్నర నెలల గడువుంది. ఇరవై ఒకటో ఏట నుంచి గడ్డం కింద, పై పెదవి మీద ముదురు వెంట్రుకలు వస్తున్నాయి. పది రోజులకోసారి థ్రెడింగ్, మధ్యలో ప్లకర్‌తో పీకడం, ఫంక్షన్లకు ముందు బ్లీచ్. నెలసరి నలభై ఐదు, అరవై రోజులకు గానీ రాదు. మూడేళ్ల కిందట స్కాన్ తీసి పీసీఓడీ, అంటే హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య అన్నారు. మూడు నెలలు మాత్రలు వాడి మానేశారు. ఈ వేసవి తర్వాత ఒక బ్యూటీ పార్లర్‌లో ‘లేజర్’ అని రెండు సిట్టింగులు చేయించుకున్నారు. జెల్ రాసి, అగ్గిపెట్టెంత గాజు పలక ఆనించి కొడితే తెల్లగా మెరిసేదట. రెండో సిట్టింగ్ తర్వాత దవడ పొడవునా గోధుమరంగు మచ్చలు పడ్డాయి. అంతకుముందు నూగులా ఉన్న చెంపలు, మెడ పక్కల వెంట్రుకలు నల్లబడి ముదిరాయి.

రెండో బాధ ఎడమ మణికట్టు లోపలివైపు ఉన్న టాటూ. డిగ్రీ చదివే రోజుల్లో ఎగ్జిబిషన్ స్టాల్‌లో వేయించుకున్నారు. రెండంగుళాల పొడవున నల్లటి అక్షరాలతో ఒకరి పేరు, చివర ఎర్ర గుండె, కింద ఆకుపచ్చ ఆకు. ఆ పరిచయం ముగిసి ఐదేళ్లయింది. పెళ్లికొడుక్కి గానీ, ఆయన ఇంట్లోవాళ్లకు గానీ తెలియదు. నిశ్చితార్థం రోజు వాచీతో, గాజులతో కప్పేశారు. ఇప్పుడు పార్లర్‌వాళ్లు ముఖానికి ఇంకో నాలుగు, టాటూకు రెండు సిట్టింగులు చాలంటున్నారు. రెండూ ఒకే మెషీన్‌తో, మొత్తం 35 వేలు, నూటికి నూరు శాతం శాశ్వతం, నెలాఖరులోగా కట్టాలి. అమ్మమ్మేమో టాటూ మీద సున్నం, జీడి పెడితే పోతుందంటున్నారు. ఆమె అడిగినవి రెండు: “రెండూ పెళ్లిలోపు పోతాయా? ఎవరికీ తెలియకుండా అయిపోతుందా?”

మొదటి ప్రశ్నకు సూటిగా చెబుతాను. గడ్డం మీది వెంట్రుకలు పెళ్లినాటికి బాగా తగ్గించుకోవచ్చు, కానీ పూర్తిగా పోవు. టాటూ మాత్రం పోదు. ఎంత మంచి డాక్టరు చేసినా, ఎంత ఖర్చు పెట్టినా నాలుగున్నర నెలల్లో ఆ మూడు రంగులూ చెరిగిపోవు. ఈ మాట మీకు ఎంత బరువుగా ఉంటుందో తెలుసు. అయినా డబ్బు కట్టేశాక డిసెంబరులో తెలియడం కన్నా ఇప్పుడు తెలిస్తే మీ చేతిలో ఇంకా దారులుంటాయి. సున్నం, జీడి మాత్రం పెట్టకండి. అవి పైచర్మాన్ని కాలుస్తాయి. సిరా ఉండేది దాని కింది పొరలో. గట్టి మచ్చ మిగులుతుంది, ఆ మచ్చలోంచి పేరూ కనబడుతూనే ఉంటుంది.

ఆ ప్యాకేజీకి డబ్బు కట్టొద్దు. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇలాంటి మాటే రేపు మరో చోటా వినబడుతుంది.

లేజర్ కాంతి చర్మంలోకి వెళ్లి అక్కడున్న ఒక రంగు పదార్థం పీల్చుకున్నప్పుడు వేడిగా మారుతుంది. పక్క చర్మం కాలకుండా ఆ రంగు వరకే వేడి పరిమితం కావాలంటే కాంతి రంగు సరిపోవాలి, అది పడే సమయమూ సరిపోవాలి. 1983లో అమెరికాలో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే డాక్టర్లు వివరించిన సూత్రం ఇదే. వెంట్రుక విషయంలో, నల్లటి కాడలో పుట్టిన వేడి చుట్టూ ఉన్న కుదురుకు పాకాలి. అందుకు కాంతి కొన్ని మిల్లీసెకన్ల నుంచి కొన్ని పదుల మిల్లీసెకన్ల దాకా పడాలి. టాటూ సిరా రేణువు అంతకంటే ఎన్నో రెట్లు చిన్నది. దాన్ని వేడి పక్కకు పాకేలోపే పగలగొట్టాలి. అందుకే టాటూ లేజర్ కొన్ని నానోసెకన్లలో, కొత్త పికో యంత్రాలైతే ఇంకా తక్కువలో కాంతిని వదులుతుంది. ఒక మిల్లీసెకనులో పది లక్షల నానోసెకన్లుంటాయి. వెంట్రుకల కోసం చేసిన నిదానపు కాంతిని టాటూ మీద కొడితే సిరా ముక్కలవదు, వేడెక్కి చుట్టూ ఉన్న చర్మాన్ని కాలుస్తుంది. బొబ్బ, పుండు, ఆ తర్వాత మచ్చ. ఒకే పెట్టెకు రెండు రకాల హ్యాండ్‌పీసులు తగిలించే యంత్రాలు ఉన్నమాట నిజమే గానీ, మీరు వర్ణించిన తెల్లటి మెరుపు, గాజు పలక చూస్తే అది లేజరే కాకపోవచ్చు. ఐపీఎల్ అనే ఫ్లాష్ దీపంలా ఉంది. ఒకే రంగు కాంతి కాకుండా ఎన్నో రంగుల కాంతి కలిసి వస్తుంది. దాంతో టాటూ ముట్టుకోకూడదు. రేపు చేతుల వెంట్రుకలకు ఎక్కడైనా లేజర్ చేయించుకున్నా, ఆ టాటూ మీద, దాని చుట్టూ ఒకటి రెండంగుళాల మేర కాంతి పడకుండా వదిలేయాలి.

మీ ముఖం మీద జరిగిందీ దీంతోనే అర్థమవుతుంది. మన గోధుమ, చామనఛాయ చర్మంలో పైపొరలోనే మెలనిన్ అనే రంగు పదార్థం ఎక్కువ. ఐపీఎల్‌లోని పొట్టి తరంగాల కాంతిని వెంట్రుక కంటే ముందు ఈ పొరే పీల్చుకుంటుంది. దవడ మచ్చలు అలా పడ్డ చిన్న కాలినగాయాల ఆనవాళ్లు. కాలుతుందని భయపడి శక్తి తగ్గిస్తే రెండో చిక్కు. కుదురు చావడానికి చాలని వేడి తగిలి, నిద్రపోతున్న నూగు కుదుళ్లు ముదురు వెంట్రుకలు పుట్టించడం మొదలుపెడతాయి. పారడాక్సికల్ హైపర్‌ట్రైకోసిస్ అంటారు. చామనఛాయ చర్మంలో, ముఖం, మెడ మీద, హార్మోన్ల తేడా ఉన్న ఆడవాళ్లలో ఇది ఎక్కువగా కనబడుతుంది. అంటే మీరు మూడింటికీ సరిపోతారు. ఇందులో మీ తప్పేమీ లేదు. అయితే అదే మెషీన్‌తో ఇంకో నాలుగు సిట్టింగులంటే ఇదే ఇంకా పెరిగే అవకాశం ఉంది. సరైన లేజర్‌తో, చాలినంత శక్తితో చేస్తే ఈ కొత్తగా ముదిరినవీ తగ్గుతాయి.

లేజర్ కంటే ముందు రక్తపరీక్షలు. ఈ మాట పార్లర్‌లో ఎవరూ చెప్పరు, మీ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. లేజర్ ఇప్పుడున్న కుదురును దెబ్బతీస్తుంది. మగ హార్మోన్ ఎక్కువగా ఉంటే పక్కనున్న నూగు కుదురు రేపు కొత్తగా ముదురుతుంది. ఒకవైపు తీస్తుంటే మరోవైపు వస్తుంటాయి, మీరేమో లేజర్ పనిచేయలేదనుకుంటారు. గైనకాలజిస్టు గానీ, ఎండోక్రైనాలజిస్టు గానీ సాధారణంగా రాసే పరీక్షలు ఇవి: టోటల్ టెస్టోస్టిరాన్, డీహెచ్ఈఏ సల్ఫేట్, 17 హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్, ప్రొలాక్టిన్, టీఎస్‌హెచ్, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ. హార్మోన్లకు నెలసరి రెండో రోజు నుంచి ఐదో రోజు మధ్య రక్తం ఇస్తే మంచిది. మీకు నెలసరి ఆలస్యం కాబట్టి దాని కోసం ఎదురుచూడాలో వద్దో డాక్టరునే అడగండి. స్కాన్ ఒక్కటే చూసి పీసీఓడీ అని తేల్చరు. నెలసరి తేడా, మగ హార్మోన్ లక్షణాలు, స్కాన్‌లో కనబడే తీరు, ఈ మూడింట్లో రెండుండాలి. మీ ఉత్తరంలో మొదటి రెండూ ఉన్నాయి. గొంతు బొంగురుపోవడం, నెత్తి మీద జుట్టు పలచబడటం, కొద్ది నెలల్లోనే వెంట్రుకలు హఠాత్తుగా పెరగడం లాంటివి ఉంటే ఇంకా తొందరగా చూపించుకోవాలి.

మందులంటే గర్భనిరోధక మాత్రలు, అవసరమైతే వాటితో పాటు మగ హార్మోన్‌ను అడ్డుకునే స్పైరనోలాక్టోన్. వెంట్రుకల మీద వాటి ప్రభావం కనబడటానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. అందుకే మూడు నెలలకు ఆపేసినప్పుడు మీకు తేడా తెలియలేదు. స్పైరనోలాక్టోన్ గర్భంలో వాడకూడదు. మగబిడ్డ ఎదుగుదల మీద ప్రభావం ఉంటుంది. పెళ్లి కాగానే పిల్లలు కావాలనుకుంటే ఆ మాట డాక్టరుకు మొదటిరోజే చెప్పండి, మందుల ఎంపికే మారిపోతుంది. ఉత్తరంలో మీరు రాయలేదు గానీ ఆ వాక్యాల మధ్య భయం కనబడుతోంది కాబట్టి చెబుతున్నాను: పీసీఓడీ ఉన్న ఆడవాళ్లలో ఎక్కువమందికి పిల్లలు పుడతారు. కొందరికి అండం విడుదలకు మందుల సాయం కావాలి, అంతే.

ఇదే రక్తంతో హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవీ పరీక్షలు కూడా ఒకసారి చేయించండి. ఎగ్జిబిషన్ స్టాళ్లలో ఒకే సూది చాలామందికి వాడి ఉండవచ్చు. ఏమీ ఉండకపోవడానికే అవకాశం ఎక్కువ, కానీ తెలిసి ఉండటం మంచిది.

ఇక ముఖం లేజర్. చర్మవైద్యుల దగ్గర మన చర్మానికి వాడేవి ప్రధానంగా రెండు. డయోడ్, ఇది 800 నుంచి 810 నానోమీటర్ల కాంతి (నానోమీటరు కాంతి తరంగం పొడవుకు కొలత). లాంగ్ పల్స్ ఎన్‌డీ యాగ్, ఇది 1064. రెండోది పైపొర మెలనిన్‌ను తక్కువ తాకి లోతుకు దిగుతుంది కాబట్టి నల్లటి చర్మానికి అన్నిటికంటే భద్రం. కానీ నొప్పి కొంచెం ఎక్కువ, సన్న వెంట్రుకల మీద అంతగా పనిచేయదు. డయోడ్‌కు చల్లటి కొన ఉండి, కాంతి నిదానంగా పడేలా వాడితే చామనఛాయకు బాగానే సరిపోతుంది. ఫలానాదే కావాలని మీరు పట్టుబట్టనక్కర్లేదు. దవడ మచ్చల వల్ల డాక్టరు ఎన్‌డీ యాగ్ వైపు మొగ్గవచ్చు. ఆ మచ్చలు తేలికపడేదాకా వాటి మీద కొట్టకపోవడమే మంచిది. ఈలోగా ఫెయిర్‌నెస్ క్రీములు ఏవైనా వాడుతుంటే డాక్టరుకు ట్యూబ్ చూపించండి. మెడికల్ షాపుల్లో చేతికిచ్చే తెల్లబడే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది చర్మాన్ని పలచబరచడమే కాదు, తనే వెంట్రుకలను పెంచుతుంది.

థ్రెడింగ్, వ్యాక్సింగ్, ప్లకర్ అన్నీ ఆపాలి. లేజర్‌కు దారి చూపేది కుదురులోని నల్లటి కాడ. దాన్ని వేరుతో పీకేస్తే కాంతి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. నాలుగు వారాల ఎడం కావాలి. బ్లీచ్ కూడా వద్దు, తెల్లబడిన వెంట్రుకను లేజర్ చూడలేదు. మరి ఈ నెలంతా గడ్డంతో ఎలా తిరగాలి అని మీరు అడుగుతారు. ముఖానికి వాడే చిన్న రేజర్‌తో షేవ్ చేసుకోండి. షేవ్ చేస్తే ముదురుతాయని మీ ఇంట్లో వద్దంటారు. అది నిజం కాదు. బ్లేడు వెంట్రుకను చర్మం పైన కోస్తుంది, కుదురును తాకదు. మొనతేలిన కొస పోయి మొద్దు కొస బయటికి వస్తుంది కాబట్టి చేతికి గరుకుగా తగులుతుంది, అంతే. సిట్టింగ్‌కు ముందురోజు కూడా షేవ్ చేసుకునే వెళ్లాలి. పైకి వెంట్రుక మిగిలి ఉంటే అది చర్మం మీదే కాలి మచ్చ చేస్తుంది.

సిట్టింగ్‌లో ఏం జరుగుతుందంటే, కళ్లకు పూర్తిగా మూసే కవచాలు పెడతారు. అవి పెట్టకుండా పెదవి మీద లేజర్ ఆన్ చేస్తే లేచి వచ్చేయండి. వేడి నూనె చుక్క తుళ్లి పడ్డట్టు చురుక్కుమంటుంది, వెంటనే చల్లదనం తగులుతుంది. కాలిన వెంట్రుక వాసన వస్తుంది. గడ్డం, పెదవి కలిపి నిమిషాల్లో అయిపోతుంది. తర్వాత కాసేపటికి ఒక్కో కుదురు చుట్టూ చిన్నగా ఉబ్బి ఎర్రబడుతుంది. అది సరిగ్గా తగిలిందనడానికి గుర్తు, కొన్ని గంటల్లో, మహా అయితే రెండు రోజుల్లో సర్దుకుంటుంది. ఎరుపు ముదిరి బొబ్బలైనా, పక్కు కట్టినా అదే రోజు డాక్టరుకు చూపించాలి. రెండు రోజులు ఆవిరి పట్టడం, వేడినీళ్లు ముఖానికి, జిమ్ వద్దు. వారం రెండు వారాల తర్వాత వెంట్రుకలు మళ్లీ మొలుస్తున్నట్టు కనబడతాయి. భయపడకండి, చాలావరకు అవి చచ్చి బయటికి వస్తున్నవి. పీకకుండా వదిలేస్తే మూడు వారాల్లోపు రాలిపోతాయి. స్కూటీ మీద తిరుగుతారు కాబట్టి సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30 లేదా 50, రెండు వేళ్ల పొడవునా పిండుకుని ముఖం, మెడకు రాయండి. మధ్యాహ్నం మళ్లీ రాయండి. స్కార్ఫ్ దాని పైన అదనం, దానికి బదులు కాదు.

ఒక్కసారితో ఎందుకు అవదంటే, ఏ క్షణంలో చూసినా వెంట్రుకల్లో కొన్నే పెరిగే దశలో ఉంటాయి. ఆ దశలో ఉన్నవాటికే గట్టి దెబ్బ తగులుతుంది. మిగిలినవి ఆ దశకు వచ్చేదాకా ఆగాలి. ముఖానికి నాలుగు వారాలకోసారి, మొత్తం ఆరు నుంచి ఎనిమిది సార్లు, పీసీఓడీ ఉంటే ఇంకా ఎక్కువ. తర్వాత ఏడాదికి కొన్ని టచప్‌లు. మీ గడువులో మహా అయితే మూడు పడతాయి. పెళ్లినాటికి షేవింగ్ అవసరం వారానికో పది రోజులకో తగ్గుతుందని ఆశించవచ్చు. నున్నగా అయిపోతుందని ఆశించకండి. ‘శాశ్వతం’ అన్న మాట గురించి కూడా తెలుసుకోండి. అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ కూడా లేజర్లకు శాశ్వతంగా తగ్గించడం అని చెప్పుకోవడానికే ఒప్పుకుంది, శాశ్వతంగా తొలగించడం అని కాదు. చివర్లో మిగిలే నాలుగైదు మొండి వెంట్రుకలకు, తెల్లబడ్డవాటికి ఎలక్ట్రాలసిస్ ఉంది. ఒక్కో కుదురులోకి సన్న సూది పంపి కాలుస్తారు. చాలా నిదానం, కానీ ఆ కొద్దిటికి సరిపోతుంది.

ఆఖరి సిట్టింగ్ నలుగు పెట్టే రోజుకు కనీసం మూడు వారాల ముందు అయిపోవాలి. లేజర్ తగిలిన చర్మాన్ని సున్నిపిండితో రుద్దితే మళ్లీ మచ్చలు పడతాయి.

ఇప్పుడు టాటూ. ముందు వెలుతురు పక్కనుంచి పడేలా చేయి తిప్పి చూడండి, కళ్లు మూసుకుని వేలితో తడమండి. అక్షరాలు ఉబ్బెత్తుగా తగులుతుంటే స్టాల్‌లో సూది లోతుగా దిగి అప్పుడే మచ్చ పడిందన్నమాట. లేజర్ సిరాను తీస్తుంది, ఆ ఉబ్బును తీయదు. సిరా పోయాక కూడా అక్షరాల ఆకారం వెలుతురులో తెలుస్తుంది. నున్నగా ఉంటే మీ అదృష్టం.

నలుపు అన్నిటికంటే తేలిగ్గా పోతుంది. మన చర్మానికి భద్రమైన 1064 కాంతినే అది బాగా పీల్చుకుంటుంది. ఎరుపుకు 532 కావాలి. ఎరుపు చక్కగానే స్పందిస్తుంది, కానీ అదే కాంతిని మన చర్మపు మెలనిన్ కూడా పీల్చుకుంటుంది. అక్కడ చర్మం తెల్లబడే, నల్లబడే ప్రమాదం ఎక్కువ. ఆకుపచ్చను ఈ రెండూ సరిగా పట్టలేవు. దానికి 755 అలెగ్జాండ్రైట్ గానీ, 694 రూబీ గానీ కావాలి. చాలా క్లినిక్కుల్లో ఉండేది 1064, 532 ఉన్న క్యూ స్విచ్డ్ ఎన్‌డీ యాగ్, అంటే నానోసెకన్లలో కాంతి వదిలే రకం మాత్రమే. పేరు పోయినా ఆకు మిగిలిపోతుంది. గుండెలోనో ఆకులోనో తెల్ల సిరా మెరుపులు పెట్టి ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. తెల్ల సిరాలోని టైటానియం డయాక్సైడ్ లేజర్ తగలగానే నల్లగా మారిపోవచ్చు.

ఒక్కో సిట్టింగ్ కొన్ని నిమిషాలే. టప్ టప్‌మని శబ్దం, కాంతి తగిలిన చోటల్లా సిరా గీత క్షణంలో సున్నం పూసినంత తెల్లబడుతుంది. చాలామంది టాటూ పోయిందనుకుని సంతోషిస్తారు. అది లోపల పుట్టిన గ్యాస్ బుడగలు. ఇరవై నిమిషాల్లో తెలుపు దిగిపోయి అక్షరాలు మళ్లీ కనబడతాయి. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. పగిలిన రేణువులను ఒంట్లోని కణాలు మింగి, కొంత లింఫ్ గ్రంథులకు మోసుకుపోతాయి. దానికి వారాలు పడుతుంది, అందుకే రెండు సిట్టింగుల మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు ఎడం. మన చర్మానికి ఎనిమిదే మంచిది. తొందరపడి నాలుగు వారాలకే కొడితే రంగు వేగంగా పోదు, చర్మం దెబ్బతింటుంది. మణికట్టు గుండెకు దూరం కాబట్టి అక్కడ శుభ్రపడటమూ నిదానమే. మీ అక్షరాలకు ఆరు నుంచి పది సిట్టింగులు, అంటే ఏడాది, ఏడాదిన్నర అనుకోండి.

ఇంటికి వచ్చాక చల్లటి గుడ్డ, పైన వ్యాస్‌లైన్ గానీ డాక్టరిచ్చిన ఆయింట్‌మెంట్ గానీ పూసి, అంటుకోని గాజ్‌గుడ్డతో డ్రెసింగ్. బొబ్బలు వస్తాయి, టాటూ విషయంలో అది మామూలే, చిదమకండి. పెద్దదైతే డాక్టరు శుభ్రమైన సూదితో నీరు తీస్తారు. పక్కు దానంతట అది ఊడాలి. వారం నుంచి రెండు వారాలు వాచీ పట్టీ, గాజులు ఆ చేతికి వద్దు. చీము, జ్వరం, పెరుగుతున్న నొప్పి ఉంటే ఆగకుండా వెళ్లండి. సిట్టింగ్‌కు ముందు నొప్పి తెలియకుండా రాసే మత్తు క్రీమును క్లినిక్‌లోనే రాయించుకోండి. ఇంట్లో ట్యూబులకు ట్యూబులు పూసి ప్లాస్టిక్ చుట్టుకుంటే మందు రక్తంలోకి ఎక్కి గుండె మీద, మెదడు మీద పనిచేస్తుంది.

ఇవన్నీ చూశాక మీ ముందున్న దారులు ఇలా ఉన్నాయి.

పెళ్లికి ముందే మొదలుపెట్టవచ్చు. ఒకటి, మహా అయితే రెండు సిట్టింగులు పడతాయి, ఆఖరిది పెళ్లికి కనీసం ఎనిమిది వారాల ముందు. అప్పటికి అక్షరాలు బూడిదరంగుకు దిగుతాయి, కానీ పేరు చదవడానికి వస్తుంది. కొందరిలో చర్మం తాత్కాలికంగా నల్లబడి లేదా తెల్లబడి ఉంటుంది. పెళ్లినాడు అది టాటూ కంటే ఎక్కువ కళ్లలో పడవచ్చు.

పెళ్లయ్యేదాకా ముట్టుకోకుండా మేకప్‌తో కప్పవచ్చు. నల్ల సిరా మీద నేరుగా చర్మం రంగు పూస్తే నీలంగా బయటపడుతుంది. ముందు నారింజ రంగు కరెక్టర్, అది ఆరాక మీ ఛాయ కన్సీలర్ పలచగా రెండు పూతలు, పైన సెట్టింగ్ పౌడర్. ముందే ఒకటి రెండు రోజులు వేసుకుని చెమటలో, నీళ్లలో పరీక్షించండి. మెహందీ సిరాను కప్పదు, కానీ చుట్టూ దట్టంగా వేస్తే చూపు తప్పిస్తుంది. నల్ల మెహందీ మాత్రం వద్దు, అందులో కలిపే పీపీడీ రసాయనం పడకపోతే చర్మం బొబ్బలెక్కుతుంది. లేజర్ చేసి మానని చోట ఏ మెహందీ వద్దు. మెహందీ రంగున్న చోట లేజరూ చేయరు.

ఆ పేరు మీద వేరే బొమ్మ వేయించి కప్పవచ్చు. ఇది వేగంగా అవుతుంది. కానీ పాత నలుపును కప్పాలంటే కొత్తది దానికి రెండింతలు పెద్దగా, ముదురుగా ఉండాలి. ఎప్పుడైనా తీయించాలంటే ఇంకా కష్టం. కోసి కుట్టేయడం కూడా ఉంది. రెండంగుళాల టాటూకు మణికట్టు లోపలివైపు పొడవాటి గీత మిగులుతుంది. ఆ చోట గీతను చూసి జనం మరో రకంగా అనుకుంటారు, జీవితాంతం దానికి సంజాయిషీ చెప్పాల్సి వస్తుంది. నేనైతే దీన్ని సూచించను.

నాకు అన్నిటికంటే సబబుగా అనిపించేది ఇది: మూడు రంగులూ తీయాలన్న ఆలోచన వదిలేయండి. మిమ్మల్ని బాధపెడుతున్నది పేరు. అది నలుపే, అన్నిటికంటే బాగా పోయేదీ అదే. అక్షరాలు మాత్రం తీయించి ఆకును, గుండెను ఉండనివ్వండి. ఎరుపు, ఆకుపచ్చలతో వచ్చే మచ్చల ప్రమాదం, ఖర్చు రెండూ తప్పుతాయి. అది ఇప్పుడు మొదలుపెట్టాలా, పెళ్లి తర్వాతా అన్నది మీ రెండో ప్రశ్న మీద ఆధారపడుతుంది.

ఎవరికీ తెలియకుండా అవుతుందా అని అడిగారు. పెళ్లి ఒక్కరోజు దాచవచ్చేమో. పెళ్లిలో కంకణం కట్టేది ఆ ఎడమ మణికట్టుకే, కట్టేది ఆయనే. పసుపు నీళ్లు, తలంబ్రాలు, చెమట, పక్కన కెమెరా. మేకప్ తట్టుకున్నా, మర్నాడు స్నానం తర్వాత కనబడుతుంది. పెళ్లి తర్వాత లేజర్ మొదలుపెడితే రెండు నెలలకోసారి ఆ చేతికి కట్టు ఉంటుంది. మధ్యలో గర్భం వస్తే ముందుజాగ్రత్తగా సిట్టింగులు ఆపేస్తారు, సగం చెరిగిన పేరు ఏడాదికి పైగా అలాగే ఉండిపోతుంది. కాబట్టి ఎంచుకోవాల్సింది చెప్పడమా మానడమా అని కాదు. మీ నోటితో ముందు చెప్పడమా, ఆయన కంటపడ్డాక చెప్పడమా అని.

ముందు చెబితే ఆయన నొచ్చుకోవచ్చు, ప్రశ్నలు అడగవచ్చు, సంబంధం మీద ప్రభావం పడవచ్చు కూడా. అది కొట్టిపారేయలేని భయమే. తర్వాత తెలిస్తే టాటూ కంటే దాచారన్న మాట పెద్దదవుతుంది, అప్పటికి మీరు ఆ ఇంట్లో ఒంటరిగా ఉంటారు. చెప్పాలనుకుంటే ముందు మీ అమ్మగారితో మాట్లాడండి, మీ వెనక ఒకరు ఉన్నారన్న ధైర్యం కావాలి. ఆయనతో నేరుగా, ఇద్దరే ఉన్నప్పుడు, చేయి చూపించి చెప్పండి. కాలేజీ రోజుల్లో వేయించుకున్నది, ఐదేళ్ల కిందటే ముగిసింది, తీయించుకుంటున్నాను, ఏడాది పైన పడుతుంది. ఆ అబ్బాయి వివరాలు, పాత కథంతా చెప్పాల్సిన బాధ్యత మీ మీద లేదు. ఆయన ఒప్పుకుంటే డ్రెసింగ్ దాచాల్సిన పని లేదు కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టుకోవచ్చు. చెప్పకూడదనుకుంటే అది మీ ఇష్టం. అప్పుడు పెళ్లికి ముందు టాటూకు ఒక్క సిట్టింగ్ కూడా వద్దు, చెక్కుచెదరని చర్మం మీదే మేకప్ నిలుస్తుంది.

డాక్టరు దగ్గర అడగాల్సినవి: యంత్రం పేరు, నానోమీటర్లలో కాంతి, వెంట్రుకలకు ఏది, టాటూకు ఏది, హ్యాండ్‌పీస్ పట్టుకునేది ఎవరు, బొబ్బ వస్తే రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి. డెర్మటాలజీలో ఎండీ గానీ, డిప్లొమా గానీ ఉందో చూడండి, డాక్టరు పేరు మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఆన్‌లైన్‌లో వెతకవచ్చు. ప్యాకేజీ కాకుండా సిట్టింగ్‌కింత అని కట్టండి. ప్రతిసారీ వాడిన సెట్టింగులు మీ కార్డు మీద రాయించుకోండి, ఊరు మారి వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినా పనికొస్తాయి. పార్లర్‌లో వాడిన మెషీన్ ఫొటో దొరికితే తీసుకెళ్లండి. హెర్పిస్ పొక్కులు పెదవి మీద ఎప్పుడైనా వచ్చినా, దెబ్బ తగిలిన చోట మచ్చలు ఉబ్బెత్తుగా పెరిగే తత్వం ఉన్నా, మొటిమలకు మాత్రలు వాడుతున్నా ముందే చెప్పండి.

చివరిగా టెస్ట్ స్పాట్. దవడ కింద ఒక చిన్న చోట, టాటూలో ఒక అక్షరం మూల మీద కొట్టి చూడమనండి. మన చర్మంలో రంగు మార్పు వెంటనే కాదు, వారాలకు బయటపడుతుంది. ముఖానికి కనీసం రెండు వారాలు, టాటూకు నాలుగైనా ఆగి చూడాలి. ముఖం టెస్ట్‌కు ముందు థ్రెడింగ్ ఆపిన నాలుగు వారాలు కూడా గడవాలి. మాఘం నుంచి వెనక్కి లెక్కపెడితే మీకు వృథా చేసుకునే వారాలు లేవు, కాబట్టి థ్రెడింగ్ ఈరోజే ఆపేసి అపాయింట్‌మెంట్ ఈ వారంలోనే తీసుకోండి.